ఓం నియమం ఇంట్లో సగం, బడిలో సగం: నా అనుభవం

పరకాల ప్రాంతంలోని ఉన్నత పాఠశాలలో 18 ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఈసారి పదో తరగతికి వోల్టేజీ, కరెంటు, నిరోధాల మధ్య సంబంధం చెప్పే ఓం నియమాన్ని ఇంట్లో ఫోన్ మీద కొంత, బడిలో అసలు వలయంతో కొంత నేర్పాలని పూనుకున్నాను. ఇంటి పనికి నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ సిమ్యులేషన్లను, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలను ఎంచుకున్నాను. వాట్సాప్ గ్రూపు ఒక్క సాయంత్రంలో తయారైంది. పత్తి అమ్మే రోజులు కావడంతో ఫోన్లు తండ్రుల వెంట ఎనుమాముల మార్కెట్‌కు పోయేవి. అందుకే పాఠం రాత్రి ఎనిమిది తర్వాతే పంపి, ఒక్కో ఫోన్‌కు ముగ్గురు నలుగురిని జతచేశాను.

తీగ పొడవు రెట్టింపైతే నిరోధం రెట్టింపై, కరెంటు సగం కావాలి. బడిలో నిక్రోమ్ తీగను 50 సెంటీమీటర్లు తీసుకుంటే కరెంటును కొలిచే అమ్మీటరు 0.40 ఆంపియర్లు చూపింది, 100 తీసుకుంటే 0.22. "ఫోన్ల సరిగ్గ సగమైంది సార్, ఇక్కడ సగం కన్న ఎక్కువెందుకుంది?" అని మూడో బెంచీ అమ్మాయి అడిగింది. నేను ఆ ప్రశ్నను బోర్డు మీద రాస్తుండగానే తనిఖీ అధికారి లోపలికి వచ్చారు.

ఆయన బోర్డు చూడలేదు, నోటుపుస్తకం తెరవలేదు. ఇంటి పాఠానికి పిల్లలు నింపాల్సిన ఆన్‌లైన్ ఫారం ఎందరు నింపారని మాత్రమే అడిగారు. 38 మందిలో 11 మందే నింపారు. ఒక్క ఫోన్‌తో నలుగురు చదువుతున్నారని చెప్పబోతే, "జీతం తీసుకునేది ఈ లెక్క చూపించడానికేనా?" అని పిల్లల ముందే గద్దించారు. సుద్దముక్క చేతిలో పట్టుకొని అలాగే నిలబడ్డాను. నా పిల్లలు నా ముఖం చూడలేక తలలు దించుకోవడం ఆ మాట కంటే ఎక్కువ నొప్పించింది. 2020 సెప్టెంబరు 1 నుంచి కరోనా వల్ల టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ చానళ్లలో పాఠాలు వచ్చిన రోజుల్లో ఇల్లిల్లూ తిరిగినవాణ్ణి నేను. తెర ముందు కూర్చోవడం వేరు, పాఠంలో ఉండడం వేరని అప్పుడే కళ్లారా చూశాను. బిడ్డ అడిగిన ప్రశ్నకు ఏ ఫారంలోనూ గడి ఉండదు. తోటి ఉపాధ్యాయులారా, ఫారాలు నింపించండి, తప్పదు. కానీ పిల్లల ప్రశ్నలను తేదీ వేసి వారి పుస్తకాల్లోనే రాయించండి.

మర్నాడు ఆ ప్రశ్న దగ్గరే మళ్లీ మొదలుపెట్టాం. వలయంలోని బ్యాటరీ సెల్‌ల కొనల మధ్య వోల్టుమీటరు పెడితే, తీగ కలపకముందు 3 వోల్టులు, 50 సెంటీమీటర్ల తీగ కలపగానే 2.4 చూపింది. సూది కిందికి దిగడం చూసి, "అయితే సెల్ లోపల గూడ నిరోధముంది సార్!" అని ఆ అమ్మాయే లేచి నిలబడి చెప్పింది. తీగ రెట్టింపైనా ఆ లోపలి నిరోధం రెట్టింపు కాదు, అందుకే కరెంటు సరిగ్గా సగం కాలేదు.