కావలిలో మా పెరట్లోంచి సూర్యుడి అంచు

నా దగ్గర మొదట ఉన్నది మామూలు టెలిస్కోపు, దాని ముందు బిగించే తెల్లకాంతి ఫిల్టరు. దాంట్లో సూర్యుడి మచ్చలు చక్కగా కనిపిస్తాయి గానీ అంచున మంటల్లా లేచే వేడి వాయువు పోగులు, అంటే ప్రామినెన్స్‌లు కనిపించవు. వాటిని చూడాలంటే హైడ్రోజన్ ఇచ్చే ఎర్ర గీతను, అంటే 656.28 నానోమీటర్ల దగ్గరి వెలుగును మాత్రమే రానిచ్చే హెచ్-ఆల్ఫా టెలిస్కోపు కావాలి. 40 మిల్లీమీటర్లది ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఇంట్లో సగం ధరే చెప్పాను.

"ఏంది అబ్బయా, సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పోవా?" అంది పక్కింటి పిన్నమ్మ. ఆమె భయం న్యాయమే. సరైన ఫిల్టరు లేకుండా టెలిస్కోపులో చూస్తే చూపు పోతుంది. అందుకే మామూలు టెలిస్కోపును సూర్యుడి వైపు తిప్పేటప్పుడు ఫైండర్ (గురి చూసుకోడానికి పక్కన ఉండే చిన్న టెలిస్కోపు) ఊడదీసేస్తాను, పక్కనుంచి కదలను.

హెచ్-ఆల్ఫాలో అసలు పనంతా ఫిల్టరును సరిగ్గా ఆ ఎర్ర గీత మీదికి తెచ్చే ట్యూనింగ్ రింగు దగ్గరే. మొదట ఉత్త ఎర్రటి బిళ్ళే కనిపించింది. రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పోతే గడియారంలో ఎనిమిది ఉండే చోట ముళ్ళకంచె లాంటి ప్రామినెన్స్ తేలింది. అరగంట పోయాక చూస్తే దాని కొస విడిపోయి పైన వేలాడుతోంది. భూమి వెడల్పు సూర్యుడి వెడల్పులో 109వ వంతు. ఆ లెక్కన తర్వాత ఫోటోలో కొలిస్తే కంచె ఎత్తు మూడు భూములకు పైనే వచ్చింది. పిన్నమ్మకు కూడా చూపించాను. "నిప్పుకి వేళ్ళు మొలిచినట్టుండాయే" అంది.

1868 ఆగస్టు 18 దాకా ప్రామినెన్స్‌లను చూడాలంటే సంపూర్ణ గ్రహణం రావాల్సిందే. ఆ రోజు గ్రహణాన్ని గుంటూరులో చూసిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, ప్రామినెన్స్‌ల వెలుగులోని రంగు గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకపోయినా దొరకాలి కదా అనుకుని, మర్నాడు వెలుగును రంగులుగా విడదీసే వర్ణపటదర్శినితో మామూలు ఎండలోనే వాటిని పట్టుకున్నాడు. మన గుంటూరులో జరిగిన ఈ సంగతి బళ్ళో ఎవరూ చెప్పలేదు.

ఫోటోలకు నన్ను ఏడిపించింది కెమెరా కాదు, డాబా. తొమ్మిది దాటితే స్లాబు వేడికి అంచంతా వణుకుతుంది. పెరట్లో మట్టి నేల మీదికి మార్చి, చుట్టూ నీళ్ళు చల్లాక తేడా తెలిసింది. ఈశాన్య రుతుపవనాలు వెళ్ళాక జనవరి, ఫిబ్రవరి ఉదయాలు మాకు మంచివి. మంచు విడిచాక, ఎండ ముదరక ముందు ఆ కాస్త సమయమే.

కెమెరా మోనో, అంటే నలుపు తెలుపుది అయితే మేలు. కలర్ సెన్సరులో నాలుగో వంతు పిక్సెళ్ళే ఎరుపును సరిగ్గా అందుకుంటాయి. వేల ఫ్రేముల వీడియో తీసి, వాటిలో నిలకడగా ఉన్నవి ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఏరి ఒకటి చేస్తాను. ప్రామినెన్స్‌కి సరిపడా ఎక్స్‌పోజర్ ఇస్తే బిళ్ళ తెల్లగా మాడిపోతుంది. కాబట్టి రెండూ విడివిడిగా తీసి కలపాలి. చాలామంది నారింజ రంగు అద్దుతారు. నాకు నలుపు తెలుపే ఇష్టం, సన్నటి తీగలు అందులోనే తెలుస్తాయి.

ఇప్పుడు ఒకే ప్రామినెన్స్‌ని నిమిషానికో వీడియో చొప్పున తీసి కదలిక చూపించాలని చూస్తున్నాను. దానికి సముద్రం వైపు నుంచి మబ్బు రాకుండా రెండు గంటలు దొరకాలి.