నేనున్న థాయిలాండ్ వేరే

మొన్న పరకాల దగ్గర మా మేనమామ బిడ్డ పెండ్లికి పోతే ఎవరో ఒకాయన నన్ను చూపించి "ఈ పిల్ల మూడేండ్లు థాయిలాండ్ల ఉండి వచ్చిందట" అని పక్కాయనకు చెప్పిండు, ఆయన ఒక తీరుగ నవ్విండు. ఆ నవ్వు నాకు కొత్త కాదు, హన్మకొండకు తిరిగొచ్చిన కాన్నుంచి చూస్తనే ఉన్న. మనోళ్లకు థాయిలాండ్ అంటే పటాయా, బ్యాంకాక్, నాలుగు రోజుల ప్యాకేజీ టూరు. నేనున్న ఊళ్లె పొద్దుగాల ఆరింటికి కరెంటు స్తంభానికున్న మైకుల ఊరి పెద్ద మాట్లాడతడు, బోనులేని కోళ్లు వాకిట్ల తిరుగుతయి, మధ్యాహ్నం అయితే ముసలోళ్లు స్తంభాల మీద లేపి కట్టిన ఇంటి కింద నీడకు చాపేసుకోని పండుకుంటరు. ఆ ఊరి గురించి రాయాలని చాన రోజుల నుంచి ఉన్నది, ఇయ్యాల కూసున్న, పెద్దగనే అయితది.

ఆ ప్రాంతాన్ని ఇసాన్ అంటరు, దేశానికి ఈశాన్య మూల, పేరు గూడ మన ఈశాన్యమే. మొత్తం 20 జిల్లాలు, దేశం జనంల మూడో వంతు దగ్గర అక్కడనే. నేనున్న జిల్లా ఉదోన్ థానీ, విడదీసి చూస్తే ఉత్తర ధాని. అక్కడి నుంచి గంట ప్రయాణం చేస్తే నోంగ్ ఖాయ్, అక్కడ మేకాంగ్ నది, నది దాటితే లావోస్, అందుకే ఊళ్లోళ్లు ఇంట్ల మాట్లాడే భాష బ్యాంకాక్ థాయి కంటే లావో భాషకే దగ్గర. 2022 మేల బళ్లు తెరిచే టైంకు పోయిన, 2025 మార్చిల పరీక్షలు అయినంక వచ్చేసిన. సర్కారు బడిల పిల్లలకు లెక్కలు, సైన్సు ఇంగ్లీషుల చెప్పుడు నా పని. జీతం 25 వేల బాత్ (అక్కడి పైసలు), ఇంటి కిరాయి 3 వేలు. అదే పని ఒక తెల్లాయన చేస్తే ఇంకా ఎక్కువిస్తరు, ఆ మాట నన్ను మూడేండ్లు బాధపెట్టింది, ఇప్పటికీ పెడతది.

అక్కడ పరాయి దేశపోళ్ల బతుకు 90 రోజులకోసారి లెక్క. మన దగ్గర ఎన్ని ఏండ్ల వీసా ఉన్నా సరే, దేశం దాటకుండ 90 రోజులుంటే నేను ఫలానా ఇంట్లనే ఉంటున్న అని ఇమ్మిగ్రేషనుకు చెప్పాలె, ఆ ఫారానికి టీఎం 47 అని పేరు. ఇల్లు ఇచ్చినోళ్లు గూడ మనం దిగిన 24 గంటలల్ల తెలియజేయాలె, అది టీఎం 30. ఫారాల మీద సంవత్సరం మన లెక్క కాదు, బుద్ధుడి శకం, 543 కలపాలె, 2024 అంటే అక్కడ 2567. 90 రోజుల లెక్కకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా టైం ఇస్తరు. రెండో ఏడు మా తాత చనిపోయిండు, నేను రాలేకపోయిన, ఆ దుఃఖంల తారీఖే యాది లేదు, యాదికొచ్చేసరికి ఆ ఏడు రోజులు గూడ దాటిపోయినయి. పోయి 2 వేల బాత్ జరిమానా కట్టిన. పైసలకు కాదు నాకు ఏడుపొచ్చింది, తాతకు కట్టె పెట్టంగ చూడలేకపోయిన, ఇక్కడనేమో నేను ఇక్కడనే ఉన్న అని రుజువు చేస్తున్న. కొత్తగ పోయేటోళ్లు ఎవరన్నా ఇది చదివితే ఫోన్ల రెండు అలారాలు పెట్టుకోండి, ఒకటి సాలదు.

ఇగ పిలుపు సంగతి. తెల్లోళ్లను ఫరాంగ్ అంటరు, మనలాంటోళ్లను ఖేక్ అంటరు. బజార్ల నడుస్తుంటే ఎనుకనుంచి ఖేక్, ఖేక్ అని వినపడితే మొదట్ల గుండెల కలుక్కుమనేది. తర్వాత తెలిసింది, ఆ మాటకు అసలు అర్థం చుట్టం, ఇంటికొచ్చినోళ్లు అని. అందరూ మంచిగనే అంటరని చెప్తలేను, కొందరు చులకనగ గూడ అంటరు, గొంతుల తెలుస్తది. కానీ మా ఇంటి యజమానురాలు, 71 ఏండ్ల ముసలామె, నన్ను మొదటిరోజు అడిగిన మాట "కిన్ ఖావ్ లేవ్ బో", అంటే బువ్వ తిన్నవా అని. మా అవ్వ గూడ పరకాల నుంచి ఫోన్ చేస్తే మొదటి మాట అదే. ఊళ్లె ఎవరూ ఎవరినీ ఉట్టి పేరు పెట్టి పిలవరు, పెద్దామె అయితే పా, పెద్దాయన అయితే లుంగ్, తనకంటే కొంచెం పెద్దయితే పీ, చిన్నయితే నోంగ్. అమ్మమ్మ వరుస అయితే యాయ్. ఆమెను నేను గూడ యాయ్ అనే పిలిచిన.

ఆ ఊళ్లె నాకు తొందరగ అర్థమైన సంగతి ఒకటున్నది. ఏ ఇంటికి పోయినా ముసలోళ్లు, పిల్లలే కనపడతరు. నడిమి వయసోళ్లు కొందరు బ్యాంకాక్‌ల, కొందరు తైవాన్ ఫ్యాక్టరీలల్ల, కొందరు కొరియాల, కొందరు ఇజ్రాయెల్ తోటలల్ల. కొత్త టైల్స్ వేసిన ఇల్లు కనపడితే చాలు, ఇది ఏ దేశం పైసలతోని కట్టిండ్రో ఊరంతా చెప్తది. మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు దుబాయ్ ఇండ్లు ఎట్లుంటయో అచ్చం అట్లనే. మా బాబాయి 14 ఏండ్లు దుబాయ్‌ల తాపీ పని చేసిండు, ఆయన బిడ్డ పుట్టినంక నాలుగో ఏడు గాని చూడలే, నాకు ఆ ఇండ్ల సప్పుడు తెలుసు.

యాయ్ చిన్న కొడుకు ఇజ్రాయెల్లనే ఉండె, గాజా పక్కన పొలంల పని. 2023 అక్టోబర్ 7 నాడు హమాస్ దాడి చేసిందని వార్త వచ్చింది. అప్పుడు ఆ దేశంల థాయోళ్లు సుమారు 30 వేల మంది ఉండిరి, ఎక్కువ శాతం ఇసానోళ్లే, సచ్చిపోయినోళ్లల్ల, ఎత్తుకపోయినోళ్లల్ల ఉదోన్ థానీ పిల్లలు గూడ ఉన్నరు. రెండు దినాలు ఆయన ఫోన్ కలవలే. ఊరంతా యాయ్ వాకిట్లనే, ఎవరో అన్నం తెస్తున్నరు, ఎవరో టీవీ ముందల కూసున్నరు, మాటలు లేవు. నాకు భాష సగమే వచ్చు, ఏం చెప్పాల్నో తెల్వక యాయ్ కాళ్ల దగ్గర కూసోని, మా దిక్కు గూడ కొడుకులు ఇట్లనే పోతరు, కొన్నిసార్లు పెట్టెల వస్తరు, మా అమ్మలు గూడ ఇట్లనే కూసుంటరు అని వచ్చీ రాని మాటలల్ల చెప్పిన. ఆమె నా చెయ్యి పట్టుకున్నది, ఇడవలే. మూడో రోజు పొద్దుగాల కొడుకు ఫోన్ చేసిండు. అప్పటి నుంచి నన్ను ఎవరికి చూపించినా లాన్ అన్నది, మనవరాలు అని.

ఆ పిలగాడు తిరిగొచ్చినంక ఇంట్ల బాయ్ సీ చేసిండ్రు, అరటాకుల గోపురం తీరు కట్టి పూలు గుచ్చి, పెద్దోళ్లందరూ ఆయన మణికట్టుకు తెల్ల దారాలు కట్టిండ్రు. మనిషి భయపడితే లోపలి ప్రాణం చెదిరిపోతదట, దాన్ని పిలిచి దారంతోని కట్టేస్తరు. దారాలు మూడు రోజులన్నా తెంపొద్దు. నాకు గూడ కట్టిండ్రు, ఎందుకని అడిగితే నువ్వు గూడ ఇల్లు ఇడిసి వచ్చినదానివే గదా అన్నది యాయ్.

తిండి గురించి అందరూ అడుగుతరు కాబట్టి చెప్తున్న. అక్కడ అన్నం అంటే జిగట బియ్యం, రాత్రి నానబెట్టి పొద్దుగాల వెదురు బుట్టల ఆవిరికి ఉడికిస్తరు, చేత్తోని ముద్ద చేసుకోని నంజుకుంట తినాలె. పచ్చి బొప్పాయి, పచ్చిమిర్చి, చింతపండు రోట్లేసి దంచే సోమ్ తమ్ తింటే నాకు మా అవ్వ రోటి తొక్కు యాదికొచ్చేది, కారం గూడ మన వరంగల్ నోటికి సరిపోతది. అందుల పలా రా వేస్తరు, ఉప్పు, తౌడు కలిపి నెలల తరబడి కుండల ఊరబెట్టిన చేప. ఎండుచేపల పులుసు తిని పెరిగిన దాన్నే అయినా ఆ వాసనకు అలవాటు పడనీకి ఒక ఏడు పట్టింది. పచ్చి చేపతోని చేసే కోయ్ పలా మాత్రం ముట్టకండి. ఆ దిక్కు చెరువుల చేపలల్ల ఒక పురుగు ఉంటది, పచ్చిగ తింటే అది కాలేయంల ఇల్లు కట్టుకోని ఏండ్లకు పైత్యరస నాళాల క్యాన్సర్ అయితది, ఆ క్యాన్సర్ ప్రపంచంల అన్నిటికంటే ఎక్కువ ఇసాన్లనే. యాయ్ పెనిమిటి దానితోనే పోయిండు. ఊళ్లె ఆరోగ్య వలంటీర్లు, మన ఆశా అక్కల లెక్క, ఇంటింటికి తిరిగి చేప ఉడికించుకోండి అని చెప్తనే ఉంటరు, నీళ్ల కుండలల్ల దోమ పిల్లలున్నయా అని గూడ వాళ్లే చూస్తరు. కందిపప్పు దొరకదు, పెసరపప్పు దొరుకుతది. గోంగూర జాతి చెట్టు ఉంటది కానీ వాళ్లకు దాని ఎర్ర కాయల షర్బత్ ఇష్టం. మునక్కాయ పులుసు వాళ్లు గూడ చేస్తరు, నేను మొదటిసారి తిన్ననాడు మాట్లాడకుండ రెండుసార్లు పెట్టించుకున్న.

పండుగలల్ల సోంక్రాన్ అందరికి తెలుసు, ఏప్రిల్ 13 నుంచి 15 దాకా నీళ్లు పోసుకునుడు, ఆ పేరు మన సంక్రాంతే. కానీ నా పాణం ఆగింది లోయ్ క్రథోంగ్ కాడ. అది కార్తీక పున్నమి నాడు వస్తది. అరటి బోదె ముక్క మీద ఆకు మడిచి, బంతిపూలు గుచ్చి, దీపం, ఊదుబత్తి పెట్టి చెరువుల ఇడుస్తరు. మొదటి ఏడు బతుకమ్మ తొమ్మిది రోజులు నేను ఆ ఇంట్ల ఒక్కదాన్నే, బడికి పోయి వచ్చుడు, ఫోన్ల అమ్మ పద్మాక్షి గుండం కాడి నుంచి వీడియో చూపిస్తే చూసుడు, గంతే. తంగేడు లేదు, గునుగు లేదు. నెల దాటినంక ఆ చెరువు గట్టు మీద ఆడోళ్లందరు పూలు పట్టుకోని నడుస్తుంటే నా కాళ్లు ఆగిపోయినయి. మా బడి పిల్లల్ల ఒకామె, పదమూడేండ్లుంటయి, నా చేతుల ఒకటి పెట్టి "ఖ్రూ, మీరు గూడ ఇడవండి, గంగమ్మకు చెప్పుకోండి" అన్నది. వాళ్లు నీళ్ల తల్లిని ఫ్రా మే ఖోంగ్‌ఖా అంటరు, ఖోంగ్‌ఖా అంటే గంగనే. పోయిరా బతుకమ్మా అని తెలుగుల అని ఇడిసిన. తెల్లారి పిల్లలు ఆ మాట నేర్పమన్నరు, బోర్డు మీద రాసి నేర్పిన.

ఖ్రూ అంటే గురువు. జూన్ల బడి పిల్లలు గురువులకు దండం పెట్టే రోజు ఒకటి చేస్తరు, అది గురువారమే చేస్తరు, బృహస్పతి వారమని. చేతుల గరిక, వంకాయ పువ్వు, నూరువరహాల పూలు పట్టుకోని మోకాళ్ల మీద వస్తరు. గరిక లెక్క చదువు పాకాలె, వంకాయ పువ్వు లెక్క తల వంచుకోని ఉండాలె అట.

మా వీధిల ఒక జర్మనీ ముసలాయన ఉండె, ఊరి ఆడామెను చేసుకున్నడు. అక్కడ అల్లుడే అత్తగారింటికి వస్తడు, మన ఇల్లరికం తీరు, పైగ పెండ్లికొడుకే పిల్ల తల్లిదండ్రులకు సిన్ సోద్ అని పైసలు ఇచ్చుకోవాలె. మన ముసలోళ్లు ఓలి అని చెప్తరు చూడండి, అది. ఆయన పెద్ద ఇల్లు కట్టిండు, కానీ జాగ భార్య పేరు మీదనే, పరాయి దేశపోళ్లు అక్కడ భూమి కొనరాదు. ప్రతి ఏడు వీసా పొడిగించుకోనీకి బ్యాంకుల 4 లక్షల బాత్ చూపించాలె. నాతోని ఇంగ్లీషుల రెండు మాటలు మాట్లాడనీకి సాయంత్రం గేటు కాడ నిలబడేది ఆయన, ఇరవై ఏండ్ల నుంచి ఉన్నా ఇసాన్ మాట రాదు. ఆయనను చూసినంకనే నేను రోజు గంట సేపు యాయ్ దగ్గర భాష నేర్చుకునుడు మొదలు పెట్టిన.

ఒక్కటి గట్టిగ చెప్తున్న, ఊళ్లల్ల తమ్ముళ్లు వినండి. 2023 నవంబర్ల మనోళ్లు టూరిస్టులుగ పోనీకి వీసా అడుగుడు ఆపిండ్రని ఏజెంట్లు "పో, అక్కడ డేటా ఎంట్రీ జాబ్ ఉన్నది" అంటున్నరు. టూరిస్టుగ దిగి పని చేయరాదు. పని కావాలంటే నాన్ బి వీసా, దాని మీద వర్క్ పర్మిట్ ఉండాలె, నేను పోయింది అట్లనే. బ్యాంకాక్‌ల దించి మే సోట్ దిక్కు కారుల తీసుకపోతున్నరంటే అది మయన్మార్ సరిహద్దు, నది దాటిస్తరు, అవతల సైబర్ మోసాల అడ్డాలు, పాస్‌పోర్టు గుంజుకుంటరు. 2025 మార్చిల మన దేశపోళ్లను ఐదు వందల మందికి పైన మే సోట్ నుంచి మిలిటరీ విమానాలల్ల తెచ్చిండ్రు, అండ్ల తెలుగు పిల్లలు గూడ ఉన్నరు. నేను అదే నెల సామాన్లు సర్దుకుంటున్న, టీవీల ఆ మొఖాలు చూసి యాయ్ "మీ ఊరోళ్లా" అని అడిగింది. అయ్యుండొచ్చు అన్న.

నేను పెట్టిన కరివేపాకు చెట్టు యాయ్ బావి కాడ ఉన్నది, బ్యాంకాక్ నుంచి దోస్తు తెచ్చిన మొక్క. నిన్న ఫోటో పంపింది, ఆమె భుజాల దాకా అయ్యింది. చేపల పులుసుల వేయొచ్చా అని వాయిస్ మెసేజ్ పెట్టింది. వేయి యాయ్, నూనె కాగినంక వేయి, దూరం నిలబడు చిటపటమంటది అని చెప్పిన.