చేవెళ్ళ మర్రి నీడలో మా బండి

మే 9న మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు అప్పుడు నీడ పడదు. ఈ ఏడాది ఆ వేళకి మేం ఊళ్ళో లేం. చేవెళ్ళ దాటాక ఒక రైతును అడిగి, ఆయన పొలం గట్టున మర్రిచెట్టు కింద మా క్యాంపర్ వ్యాన్ ఆపుకున్నాం. పిల్లలిద్దరూ స్టీలు నీళ్ళ సీసా పట్టుకుని ఎండలోకి పరిగెత్తారు. మేం కాస్త పడమరకు ఉన్నాం కాబట్టి ఒకటి రెండు నిమిషాలు ఆలస్యమైంది. సీసా పక్కన ఉన్న నీడ వేలెడంత అయ్యింది, గీత అయ్యింది, పోయింది. "అమ్మా, నీడ సీసా కిందికి దూరింది!" అని చిన్నది అరిచింది.

నేను మాత్రం మా బండి కప్పు వైపే చూస్తున్నాను. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు పక్క గోడలకు ఎండ దాదాపు తగలదు. మొత్తం కప్పే మోయాలి.

ఏప్రిల్ చివర్లో ఇదే బండిలో వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండలకు బయల్దేరి, అక్కడికి చేరకుండానే వెనక్కి వచ్చాం. పాత టెంపో ట్రావెలర్ కొని, పడకలు, చిన్న వంటగట్టు, పైన ఏసీ పెట్టించుకున్నాక అదే మా మొదటి ప్రయాణం. వికారాబాద్ దగ్గర భోజనానికని ఎండలోనే గంటసేపు ఆపాం. తిరిగొచ్చేసరికి లోపల థర్మామీటర్ 49 చూపిస్తోంది. ఏసీ 40 నిమిషాలు నడిపినా 41 కిందికి దిగలేదు. పరుపులు, చెక్క అరలు అప్పటికే వేడి పీల్చుకున్నాయి, అవి ఆ వేడిని వదులుతూనే ఉన్నాయి. మా అత్తమ్మకు డెబ్బై ఏళ్ళు, బీపీ ఉంది. కళ్ళు తిరుగుతున్నాయని కూర్చుండిపోయింది. బయట నీడలోకి తీసుకెళ్ళి, మెడ మీద తడి తువ్వాలు వేసి, ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగించాం. ఆసుపత్రిదాకా వెళ్ళలేదు కానీ ఆ గంటసేపు పడ్డ టెన్షన్ నాకింకా పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్తాపూర్‌లో మా సందులోనే బండి ఎండకి పెట్టి, లోపల పడుకుని కప్పుకి అరచెయ్యి ఆనించాను. ఒక చోట వెచ్చగా ఉంది. రెండు జానలు జరిపితే చెయ్యి చురుక్కుమంది. మళ్ళీ వెచ్చన, మళ్ళీ చురుకు. బాడీ కట్టినవాళ్ళు సందుల్లో ఇన్సులేషన్ కూరారు కానీ, కప్పు మోసే ఇనుప కమ్మీల మీద ఏమీ వేయకుండా ప్లైవుడ్ బిగించేశారు. పైన రేకుకి తగిలిన ఎండ కమ్మీ గుండా నేరుగా లోపలికి దిగుతోంది. కళ్ళు మూసుకుని చేత్తోనే కమ్మీలు లెక్కపెట్టాను. పదకొండు.

ఒక చిన్న లెక్క కూడా వేశాం. నడివేసవి మధ్యాహ్నం చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. మా కప్పు 11 చదరపు మీటర్లు, అంటే 11 కిలోవాట్లు. మా ఏసీ గంటకు 13,500 బీటీయూలది (బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్), అంటే అది బయటికి తోయగలిగే వేడి దాదాపు 4 కిలోవాట్లు. పడిన ఎండలో మూడో వంతు లోపలికి దిగినా ఏసీ పనంతా దానికే సరిపోతుంది. పెద్ద ఏసీ కొందామని మా ఆయన అంటూ ఉండేవారు. ఈ లెక్క చూశాక ఆ మాట మానేశారు.

ప్లైవుడ్ విప్పించి కమ్మీలన్నిటి మీదా వేడిని ఆపే నైట్రైల్ రబ్బరు షీటు అతికించాం. బూడిద రంగు కప్పుకి ఎండని తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు వేశాం. తెలంగాణలో 2023 నుంచి కూల్ రూఫ్ విధానం ఉంది, దానికోసం మేడల మీద వేసే లాంటి పెయింటే. ముందు అద్దానికి వెండి రంగు తెర కుట్టించాం, అదీ బయటివైపు. లోపల వేస్తే ఎండ అద్దం దాటి వచ్చేశాక అడ్డుకున్నట్టే.

"గవన్నీ సరే బిడ్డా, వట్టివేళ్ళ తడక కట్టరాదూ" అంది అత్తమ్మ. మెహదీపట్నంలో కూలర్ గడ్డి అమ్మేచోట రెండు తడకలు కొనుక్కొచ్చాం.

ఈసారి తెల్లవారుజామున 5 గంటలకే బయల్దేరాం. లంగర్‌హౌజ్, అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్ చేరేసరికి బాగా వెలుతురు వచ్చింది. అక్కణ్ణుంచి చేవెళ్ళ వైపు రోడ్డుకి రెండు పక్కలా మర్రులే. కొమ్మలు పైన ఒకదాన్నొకటి అందుకుని, రోడ్డంతా ఒక పొడుగాటి వసారాలా ఉంటుంది. కిటికీలోంచి చెయ్యి బయట పెడితే చెట్ల కింద ఒక గాలి, సందు వచ్చినచోట ఇంకో గాలి. ఈ దారిలో దాదాపు 900 మర్రులున్నాయంటారు. రోడ్డు వెడల్పు చేసే పనుల్లో ఇవి పోకూడదని ఎంతోమంది ఏళ్ళ తరబడి పోరాడారు. వాళ్ళకు నేను రుణపడి ఉన్నాను.

పొలంలో బండిని ముందు అద్దం తూర్పుకి ఉండేలా తిప్పి ఆపాం, మధ్యాహ్నం తర్వాత పడమటి ఎండ అద్దానికి తగలకుండా. గాలి వచ్చే వైపు కిటికీకి తడక కట్టి నీళ్ళు చల్లాం. కప్పులో ఉన్న ఫ్యాన్‌ను గాలి బయటికి లాగేలా పెట్టాం. మిగతా కిటికీలు మూసేశాం. అంతే, గాలి తడకలోంచి తప్ప రాలేదు, వట్టివేళ్ళ వాసనతో వచ్చింది. మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ళు వేగంగా ఆవిరై చల్లబడుతుంది. జులైలో ఇది పని చేయదు, ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. ఏసీ వేసినప్పుడు కూడా తడక తీసేయాలి, లేకపోతే ఆ తేమని ఆరబెట్టడమే ఏసీకి పెద్ద పని అవుతుంది.

స్టవ్ బయట చెట్టు కిందే వెలిగించాం. అన్నం, పప్పుచారు, ఆ తర్వాత దారిలో కొన్న ముంజలు. మూడు గంటలకు బయట పొలంలో 42, లోపల 33. ఏసీ అసలు వేయలేదు. అత్తమ్మ రెండు గంటలు నిద్రపోయింది. మధ్యలో నేను రెండుసార్లు లేచి ఆమె నుదురు ముట్టుకుని చూశాను. చల్లగానే ఉంది.

సాయంత్రం మన్నెగూడ మీదుగా అనంతగిరి చేరి, ఒక రిసార్టులో అడిగి రాత్రికి కరెంటు తీసుకున్నాం. అక్కడ ఒక తప్పు చేశాం. వాళ్ళిచ్చిన సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట విప్పకుండానే ఏసీ పెట్టాం. పావుగంటకి ఏసీ ఆగిపోయింది. చుట్ట ముట్టుకుంటే కాలుతోంది, ప్లగ్ అంచు మెత్తబడింది. సన్న వైరులో వోల్టేజీ పడిపోతుంది, కంప్రెసర్ స్టార్ట్ అవలేక ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. అది నిప్పంటుకునే పని. వెంటనే తీసేసి ఫ్యాన్‌తోనే పడుకున్నాం. ఊరికి రాగానే 2.5 చదరపు ఎంఎం రాగి వైరుతో, 16 ఆంపియర్ల ప్లగ్‌తో సొంత కేబుల్ చేయించాం. వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పుతున్నాం.

వెనక తలుపు లోపలివైపు మాత్రం ఇంకా ఉత్త రేకే ఉంది. రోహిణి కార్తె మే 25న వస్తుంది. అత్తమ్మ శ్రీశైలం ఎప్పుడని అడుగుతోంది. ఆలోపు ఆ తలుపుకి కూడా షీటు అతికించాలి.