ఏప్రిల్‌లో టమాటా పూత ఎందుకు రాలుతుంది? మిద్దె తోటలో టమాటా, మిరప

ఎండలు ముదరగానే మిద్దె తోటల వాళ్లందరిదీ ఒకటే బాధ. మొక్క ఏపుగా ఉంది, పూత నిండుగా వస్తోంది, ఒక్క పిందె నిలవడం లేదు. వెంటనే ఎరువు వేస్తారు, బోరాన్ కొడతారు, పుల్ల మజ్జిగ చల్లుతారు. లోపం ఎరువులో లేదు, రాత్రి వేడిలో ఉంది.

పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటుతూ పోతే టమాటా పుప్పొడి చచ్చుబడుతుంది. పువ్వు విచ్చుకుంటుంది గానీ కాయ కట్టదు. కొద్ది రోజుల్లో తొడిమ మీది కణుపు పసుపు పచ్చబడి, అక్కడికి తెగి రాలిపోతుంది. మే నెలలో హైదరాబాదులో రాత్రులు కూడా 25 దాటే ఉంటాయి, విజయవాడ వైపు ఇంకా ఎక్కువ. మదనపల్లెలో వేసవిలోనూ టమాటా పండుతుంది కదా అంటారు. ఆ ఊరు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ రాత్రికి చల్లబడుతుంది. మన మిద్దెకి ఆ అదృష్టం లేదు. పగలంతా కాగిన స్లాబు రాత్రంతా వేడి కక్కుతూనే ఉంటుంది. షేడ్ నెట్ కడితే మొక్క బతుకుతుంది, ఆకు మాడదు, కానీ రాత్రి వేడి తగ్గదు.

అందుకే టమాటాకి కాలం చూసుకోవడమే సగం సేద్యం. లెక్క సులువు. వినాయక చవితి దాటిన వారానికి విత్తనం పోస్తే దసరాకి నారు నాటుకి వస్తుంది, సంక్రాంతికి బుట్ట నిండుతుంది. కోస్తాలో అక్టోబరు వానలు, తుపాన్ల బెడద ఉంటుంది కాబట్టి పదిహేను రోజులు ఆలస్యంగా పోసుకోవడం మేలు. నవంబరు మొదట్లో రెండో విడత పోస్తే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాయలు వస్తాయి. జనవరి తర్వాత పోసిన నారు మీద ఆశ పెట్టుకోవద్దు.

మిరపకి ఈ పట్టింపు తక్కువ. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నారు పోసి ఆగస్టులో నాటుకోవాలి. టమాటా నారుకి 25 రోజులు చాలు, మిరపకి 40 రోజులు కావాలి. మొలక కూడా ఆలస్యమే: టమాటా వారంలోపు వస్తే మిరప పది రోజులైనా తీసుకుంటుంది. ఈలోపు నీళ్లు ఎక్కువ పోసి నారుకుళ్ళు తెప్పించకండి. ప్రోట్రేలో, అంటే నారు పెంచే గుంటల పళ్లెంలో, కొబ్బరిపొట్టు తడిగా ఉండాలి, పిండితే నీళ్లు కారకూడదు. నారు మీద సన్నటి నైలాన్ వల కప్పండి. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ నారు దశలో సోకితే ఆ మొక్క ఇక కాయదు.

రకాల విషయానికొస్తే, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ ఆకుముడత వైరస్‌ని, బాక్టీరియా ఎండు తెగులుని, ఆకుమాడు తెగులుని తట్టుకుంటుంది. అది హైబ్రిడ్, దాని పండ్ల నుంచి గింజ తీసి మళ్లీ పోస్తే ఆ గుణాలు నిలవవు. గింజ దాచుకోవాలంటే పీకేఎం-1 లాంటి సూటి రకం పెట్టుకోండి. మిరపలో కారం కావాలంటే తేజ, లేదంటే గుంటూరు లాం పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన ఎల్‌సీఏ 334. పక్కన క్యాప్సికం ఉంటే మిరప కారం తగ్గుతుందని భయపడనక్కర్లేదు. పరపరాగం వల్ల మారేది గింజ, ఈ ఏడు కాసే కాయ కాదు.

టమాటాకి 20 లీటర్ల పెయింటు బకెట్టు సరిపోతుంది, అంతకన్నా చిన్నది వద్దు. మిరపకి 10–12 లీటర్లు చాలు. అడుగున చిటికెన వేలు పట్టే రంధ్రాలు ఐదారు చేసి, బకెట్టుని ఇటుకల మీద నిలబెట్టండి. అడుగుకి స్లాబు వేడి తగలదు, నీరూ ఆగదు. నల్ల గ్రో బ్యాగుల కన్నా తెల్లవి మంచివి. 20 లీటర్ల బకెట్టుకి ఎర్రమట్టి 8 లీటర్లు, బాగా చివికిన పశువుల ఎరువు 6 లీటర్లు, కొబ్బరిపొట్టు 4 లీటర్లు, ఇసుక 2 లీటర్లు, వేపపిండి రెండు గుప్పిళ్లు. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది, రెండుసార్లు నానబెట్టి నీళ్లు వంపేశాకే వాడాలి. టమాటా నారు నాటేటప్పుడు కింది ఆకులు తుంచి కాండం సగం దాకా మట్టిలో పాతేయండి, పాతిన కాండమంతా వేళ్లు వేస్తుంది. మిరపని నారుమట్టి లోతుకే నాటాలి.

పిలకలు, అంటే ఆకు కాడ మొదట్లో వచ్చే పక్క కొమ్మలు, తీయమని అందరికీ ఒకే సలహా ఇస్తుంటారు. తీగలా సాగే చెర్రీ టమాటాకి అది సరే. పొట్టిగా గుబురుగా పెరిగే రకాలకి పిలకలు తీస్తే కాపు తీసేసినట్టే. పైగా మన ఎండకి ఆకు గొడుగు లేకపోతే కాయ భుజం మీద తెల్లగా మాడుతుంది.

కాయ అడుగున నల్లటి తోలు మచ్చ వచ్చిందంటే కాల్షియం లేదని గుడ్డు పెంకులు వేస్తారు. పెంకులు ఈ పంట కాలంలో కరగవు. మట్టిలో కాల్షియం చాలాసార్లు ఉంటుంది, నీళ్లతో పాటే అది కాయకి చేరాలి. ఒకరోజు ఎండబెట్టి, మర్నాడు ముంచెత్తితే దారి తెగుతుంది, నత్రజని ఎక్కువైనా అంతే. చలికాలంలో బకెట్టుకి రోజుకి సుమారు లీటరున్నర, మార్చిలో రెండు పూటలా కలిపి మూడు లీటర్ల దాకా పోయండి. రెండంగుళాల మందాన వరిగడ్డి గానీ ఎండాకులు గానీ పరచండి. మచ్చపడిన కాయలు తెంపేయండి, తర్వాతి గుత్తులు బాగుంటాయి.

ఫిబ్రవరి చివర్లో ఇంకో చిక్కు వస్తుంది: పండు ఎర్రబడక నారింజ రంగులోనే ఆగిపోతుంది. 30 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ తయారవదు, పసుపు రంగు పదార్థం తయారవుతూనే ఉంటుంది. కాయ అడుగున గులాబీ ఛాయ కనబడగానే కోసి, ఇంట్లో నీడన గాలి తగిలేలా పెడితే చక్కగా ఎర్రబడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి.

మిరపలో ముడత చూసి ఏదో ఒక మందు కొట్టడం చాలామంది చేసే పని. ముందు ఆకు ఎటు ముడుచుకుందో చూడండి. పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగులు, దీన్నే పై ముడత అంటారు. అంచులు కిందికి వంగి, ఆకు కాడ సాగితే తెల్ల నల్లి, అది కింది ముడత. ఆకులు చిన్నబడి, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారితే వైరస్. దానికి మందు లేదు, పీకేయాలి. తామర పురుగులకి నీలం జిగురు అట్టలు, తెల్లదోమకి పసుపువి. 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ., కొంచెం కుంకుడు రసంలో గిలకొట్టి కలిపి, సాయంత్రం ఆకు అడుగున తడిసేలా చల్లండి. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. అయితే ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో గానీ, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గానీ గంధకం వాడితే ఆకు మాడిపోతుంది. 2021–22లో తెలుగు రాష్ట్రాల మిరప తోటల్ని కుదిపేసిన నల్ల తామర పురుగు పూలలో దాక్కుంటుంది. ఆకులు బాగున్నా పూత రాలుతుంటే పువ్వుని తెల్ల కాగితం మీద దులిపి చూడండి.

పచ్చగా ఉన్న మొక్క ఒక్క పూటలో వాలిపోతే కాండం మొదట్లో కోసి గాజు గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. కోసిన చోటు నుంచి పాలలాంటి తీగ దిగితే బాక్టీరియా ఎండు తెగులు. ఆ మట్టిలో టమాటా, మిరప, వంగ మళ్లీ వేయకూడదు.

రోహిణి కార్తె ఎండలు టమాటాకి పనికిరాకపోయినా మట్టికి పనికొస్తాయి. టమాటా తీసేసిన మట్టిని జల్లించి, తడిపి, జానెడు మందాన పరచి, పారదర్శకమైన పాలిథిన్ కాగితం గట్టిగా కప్పి, అంచులు గాలి చొరకుండా మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. నల్ల కాగితం కప్పితే అంత వేడెక్కదు. కలుపు గింజలు, నులిపురుగులు, చాలా శిలీంధ్రాలు చస్తాయి. మిరపని ఈలోగా షేడ్ నెట్ కింద బతికించుకుని, మృగశిర చినుకు పడ్డాక వైరస్ లేని మొక్కల్ని సగానికి కత్తిరించి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి వేస్తే అవే మళ్లీ చిగురించి కాస్తాయి. ఎండబెట్టిన మట్టికి కొత్త ఎరువు కలిపి, చవితి దాకా గోంగూర గానీ తోటకూర గానీ గోరుచిక్కుడు గానీ వేసుకోవచ్చు.