బొరుగు తింటే హైడ్రోజన్ తగ్గింది

ఆదివారం, రాత్రి 10.

పొద్దున ఉగ్గాని, బజ్జీ. ఆ తర్వాత పగలంతా గుడ్డలుతకడానికే సరిపోయింది. రాయాల్సింది సాయంత్రం సంగతి.

తమ్ముడి కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం. రేపు కెమిస్ట్రీ పరీక్షంట, మొహం వేలాడేసుకుని నోట్సుతో వచ్చాడు. అమ్మోనియా, ఆక్సిజన్ కలిసి నైట్రిక్ ఆక్సైడు (ఎన్‌ఓ), నీళ్లు అయ్యే సమీకరణం. నైట్రిక్ ఆమ్లం తయారీలో మొదటి మెట్టు అదే.

వీడు అమ్మోనియాకు, ఎన్‌ఓకు ముందు 4, నీళ్లకు ముందు 6 బాగానే పెట్టాడు. ఆక్సిజన్ దగ్గర 7 రాశాడు. ఎడమవైపు 14 ఆక్సిజన్ పరమాణువులు, కుడివైపు పదే. తేడా నాలుగు. ఏం చేశాడంటే, ఎన్‌ఓ కింద చిన్న 2 తగిలించేశాడు!

"లెక్క కుదిరింది కదత్తా?" అని పైగా దబాయింపు.

నిజమే, కుదిరింది. కానీ సరుకే మారిపోయిందిరా నాయనా అన్నాను. ఎన్‌ఓకి రంగు లేదు. ఎన్‌ఓ2 అంటే ఇటుకరంగు పొగ. డిగ్రీలో రాగి ముక్కల మీద గాఢ నైట్రిక్ ఆమ్లం పోసినప్పుడు బుస్సుమని లేచింది అదే. వంగి చూస్తున్న నేను పీల్చేశాను. వీడు తేలిగ్గా గీకిన ఆ 2 మూడు రోజులు నా గొంతులో ఉంది. ముందు అంకె ఎంతైనా మార్చుకో, కింద అంకె జోలికి పోవద్దు అని చెప్పాను. వినే మొహం కాదు.

చేటలో చెనిక్కాయ గింజలు, బొరుగులు, పుట్నాల పప్పులు పోశాను. గింజ నైట్రోజన్, బొరుగు హైడ్రోజన్, పప్పు ఆక్సిజన్. నాలుగు అమ్మోనియాలకు 4 గింజలు, 12 బొరుగులు. వాటిని కుడివైపు జరిపి నాలుగు ఎన్‌ఓలు, ఆరు నీళ్లు కట్టమన్నాను. పప్పులు పది పట్టాయి. ఆక్సిజన్ జంటగానే దొరుకుతుంది కాబట్టి అయిదు జంటలు. 7 కొట్టేసి 5 రాశాడు. సరిచూద్దామని మళ్లీ లెక్కపెడితే బొరుగులు పదకొండే. వాడి దవడ కదులుతోంది.

మంచం మీద నుంచి నాయన, "తిండితో ఆటలేందమ్మా?" అన్నాడు. ఈ గింజ నైట్రోజన్ నాయనా అంటే, "గింజలో ఏముంది, ఏరు సూపియ్. బుడిపెలుంటాయి గదా" అన్నాడు. రాప్తాడు దగ్గర చేను చేసినన్నాళ్లూ చెనిక్కాయకు యూరియా జాస్తి వేయనిచ్చేవాడు కాదు, ఆకు పెరుగుతుంది, కాయ ఊరదని. వేరుకుండే ఆ బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలో నైట్రోజన్‌ను అమ్మోనియా చేస్తుంది. అదే పనికి ఫ్యాక్టరీలో సుమారు 450 డిగ్రీల వేడి, మామూలు గాలికి 200 రెట్ల ఒత్తిడి, ఇనుము ఉత్ప్రేరకం కావాలి. చేలో మాత్రం పచ్చి మట్టిలో, చడీచప్పుడు లేకుండా అయిపోతుంది. పుస్తకంలో రెండూ ఒకే పేజీలో ఉంటే బాగుండేది. పిల్లోడు మొదటిసారి నోట్సు పక్కన పెట్టి తాత వైపు తిరిగాడు. బుడిపె కోస్తే లోపల ఎర్రగా ఉంటుందని తాత చెప్తే నమ్మలేదు.

తర్వాతది రాగి, సజల నైట్రిక్ ఆమ్లం. మూడు రాగికి ఎనిమిది ఆమ్లాలు, అంటే పప్పులే 24 కావాలి. చేటలో చూస్తే తొమ్మిది మిగిలాయి. ఇద్దరం పెన్నులు తీశాం.