నాన్న చలువ అద్దాల కీలు

మా నాన్నకి పోయిన నెల ఎడమ కంటికి కాటరాక్ట్ ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు మా దగ్గరే, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నారు. ఎండలో, దుమ్ములో తిరిగేటప్పుడు నల్లద్దాలు తీయొద్దన్నారు డాక్టరు. నాన్నకి మాత్రం ఏళ్ల తరబడి అలవాటైన బ్రౌన్ రంగు జతే కావాలి. ఒకరోజు నడకకి వెళ్లొచ్చి తీస్తుంటే ఎడమ కాడ ఊడి చేతికొచ్చింది. కీలులోని స్క్రూ ఎక్కడ పడిపోయిందో తెలీదు.

దగ్గర్లోని కళ్లద్దాల షాపులో చూపిస్తే, "ఇది స్ప్రింగ్ కీలు సార్, రిపేర్ కాదు, కొత్తది తీసుకోండి" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఫ్రేమ్ శుభ్రంగా ఉంది, అద్దం మీద గీత కూడా లేదు.

చిన్న స్క్రూల డబ్బా ఒకటి కొని రెండు రాత్రులు కుస్తీ పట్టాను. కీలులోని పై రింగులోకి స్క్రూ దిగుతుంది, రెండో రింగు దగ్గర ఆగిపోతుంది. సైజు తప్పేమో అనుకున్నాను. చివరికి ఫోన్ టార్చ్ కింద నుంచి వేసి పైనుంచి చూశాను. నిండుగా కనపడాల్సిన రంధ్రంలో నెలవంకంత వెలుతురే ఉంది. అప్పుడు అర్థమైంది. కాడ లోపల సన్నటి స్ప్రింగ్ ఉంటుంది. స్క్రూ ఉన్నంతసేపూ అది బిగువుగా నిలబడుతుంది. స్క్రూ పోగానే కీలు నాలుకని, అంటే కాడ వైపు రింగుని, లోపలికి లాగేసుకుంటుంది. ఇక రంధ్రాలు ఒకదాని మీద ఒకటి కూర్చోవు.

ఆదివారం కుందలహళ్లిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్‌పేటలో దిగి ఎస్పీ రోడ్డుకి నడిచాను. పనిముట్ల కొట్టు పెద్దాయనది హిందూపురం వైపు. కాడ అటూ ఇటూ తిప్పి చూసి, "పొట్టి స్క్రూతో కాదు నాయనా, తోక స్క్రూ తీసుకుపో. తోక ముందు దూరిందంటే ఒళ్లంతా దాని వెనకే పోతుంది" అన్నారు. మొన సన్నగా, పొడుగ్గా ఉండే స్క్రూ అది. నాలుగు తీసుకున్నాను.

ఇంటికొచ్చి బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచాను. ఈ స్క్రూ నేల మీద పడితే మళ్లీ దొరకదు. కీలులో చెమట మట్టి పచ్చగా పేరుకుని ఉంటే సబ్బు నీళ్లతో, పాత బ్రష్షుతో తీశాను. తోక రెండు రింగుల్లోంచి బయటికి వచ్చింది. కాడని కొంచెం వెనక్కి లాగి పట్టుకుని తిప్పితే, రెండు రాత్రులు మొండికేసిన స్క్రూ మెల్లగా దిగిపోయింది. పూర్తిగా బిగించాకే మిగిలిన తోకని కట్టర్‌తో తుంచాను. ఆ ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు కాబట్టి పైన గుడ్డ కప్పి తుంచాలి.

స్క్రూ మళ్లీ వదులు కాకుండా తల మీద నెయిల్ పాలిష్ సూదిమొనంత పెట్టాను. అది ఫ్రేమ్‌కి అంటకూడదు. అంటినా రిమూవర్‌తో తుడవకూడదు, అందులోని అసిటోన్ అసిటేట్ అనే ప్లాస్టిక్ ఫ్రేమ్‌ని కరిగిస్తుంది. ఇన్‌స్టంట్ గమ్ జోలికి అసలే పోవద్దు. దాని ఆవిరికి అద్దం తెల్లగా పొర కట్టేస్తుంది, మా బావమరిది జత అలాగే పాడైంది.

కుడివైపు స్క్రూ కూడా వదులుగానే ఉంది, దాన్నీ బిగించాను. కాడలు తెరిచి బల్ల మీద పెడితే రెండు కొనలూ సమంగా ఆనాయి. అయినా నాన్న పెట్టుకుంటే జారుతున్నాయి. చూస్తే కాడ వంపు చెవి దాటి వెనకెక్కడో ఉంది. అద్దాలకి తడి, వేడి తగలకుండా కాడ కొనలు మాత్రమే వేడినీళ్లలో కాసేపు ముంచి, చెవి పైభాగం దాటగానే వంగేలా వంచి, చన్నీళ్లలో పెట్టాను.

నాన్న అవి పెట్టుకుని వంగి చెప్పుల పట్టీ బిగించుకున్నారు. జారలేదు. "రెండో కంటి ఆపరేషన్‌కి కూడా ఇవే తెచ్చుకుంటాలేరా" అంటూ నడకకి బయల్దేరారు.