కేకు చేసిన పని

శనివారం, రాత్రి 9.30, కాత్ర్ బోర్న్

మారిషస్ వచ్చి ఏడాది కావస్తోంది. మార్కెట్లో నా భాష ఇంకా వేలు చూపించడమే. ఇవాళ పొట్లకాయ చూపిస్తే "పటోల్?" అన్నాడు కూరగాయలబ్బాయి. బీరకాయేమో "పిపంగాయ్" అట. ఆ చివరి 'కాయ్' మనదే అని మురిసిపోబోయాను గానీ, తమిళుల పీర్కంగాయే దానికి ఎక్కువ దగ్గర. సరే, వాళ్లకే ఇచ్చేశాను.

మధ్యాహ్నం కింద వాటా తాంతీన్ భోజనానికి పిలిచింది. ఇక్కడ పెద్దావిడల్ని అలాగే పిలుస్తారు. చేతులూపుకుంటూ వెళ్లడం బాగోదని బేకరీలో కేకు కొని పట్టుకెళ్లాను. ఆవిడ నవ్వుతూనే అందుకుని, గుమ్మం దాటించకుండా వరండాలో బల్ల మీద పెట్టేసింది. అప్పుడు వెలిగింది నాకు, కేకులో గుడ్డు ఉంటుందని! ఇది గోవిందన్ నెల. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ఇక్కడ చాలా తెలుగు, తమిళ ఇళ్లలో నీచు ముట్టరు. శనివారాలు గోవిందుడికి పూజ చేస్తారు. నేనా, కార్తీక మాసంలో కూడా ఆమ్లెట్ వేసుకునే రకం. సిగ్గేసింది.

అరిటాకులో ఏడు కూరలు, "సెత్ కారీ". గుమ్మడికాయ, అరటికాయ, పనసకాయ, వంకాయ, ఇంత లావు చిక్కుడుగింజలు... మిగతా రెండూ లెక్కపెట్టేలోపు అన్నంలో కలిసిపోయాయి. పప్పు మరీ పల్చన, అది మాత్రం ఒప్పుకోను. కొబ్బరి, చింతపండు, పుదీనా కలిపి నూరిన "సతినీ కోకో" మాత్రం అమ్మ చేసే కొబ్బరి పచ్చడికి చెల్లెలి వరస. మూడుసార్లు వేయించుకున్నాను.

తాంతీన్‌కి తెలుగు రాదు. మాటంతా ఇక్కడివాళ్ల భాష క్రియోలే. కానీ "అమ్మోరు" అన్నప్పుడు అచ్చం మా వీధిలో వాళ్లు అన్నట్టే ఉంటుంది. ఈ వంటలన్నీ ఎవరు నేర్పారంటే అత్తగారంది. మీ ముత్తాతలది ఏ ఊరంటే "కొరింగీ" అంది. కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చారని ఇక్కడ తెలుగువాళ్లందరికీ పడ్డ పేరు అది. 1834 నుంచి 1920 లోపు చెరకు తోటల పనికి మన దేశం నుంచి ఈ దీవికి నాలుగు లక్షల మందికి పైగా వచ్చారు. మాది కాకినాడ. కోరంగి కూతవేటు దూరం. నాకు ఆ ఊరంటే మడ అడవిలో చెక్క వంతెన మీద దిగిన సెల్ఫీలు, అంతే. ఆవిడ అక్కడెలా ఉంటుందని అడిగితే ఆ ఫోటోలే చూపించాను. చాలాసేపు చూసింది. చెట్లని, నన్ను కాదు.

వచ్చేటప్పుడు డబ్బా నిండా "జాసార్" పెట్టిచ్చింది. క్యాబేజీ, క్యారెట్, బీన్స్‌కి ఆవపిండి, పసుపు పట్టించిన పచ్చడి. డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. రేపు పులిహోర చేద్దామని చింతపండు నానబెట్టాను.